బట్టలకు ఆయుధపూజ

మొన్న ఆదివారం, మేముండే ఈ క్యారీ ఊరి పొలిమేరలో, ఎకరం స్థలంలో ఇల్లు కట్టుకున్న తెలిసినవాళ్ళింటికి భోజనాలకు వెళ్ళాం. భోజనాలయ్యాక వాళ్ళబ్బాయి, ఇక్కడే పుట్టి పెరిగి మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తున్న కుర్రవాడు, పెరట్లో ఒక ఫోమ్ దిమ్మ నిలబెట్టి, కొత్తగా కొన్న కాంపౌండ్ విల్లు తెచ్చి మా అందరికీ చూపించాడు. వచ్చే సీజన్‌లో జింకల వేటకు వెళ్తాడట, అందుకు ఇప్పటినుంచే తయారవుతున్నాడట. వాడు బాణం వదిలినప్పుడల్లా అందరూ భేష్ అన్నారు. ఒకావిడ అది ఆర్గానిక్ మాంసమనీ, హార్మోన్ల బెడద ఉండదనీ మెచ్చుకుంది, ఇంకొకావిడ వేపుడుకు తనకూ కాస్త పంపమంది. అప్పుడు మా వారు పాయసం గిన్నె పట్టుకుని కుర్చీలో వెనక్కి వాలి, మా ఆవిడ ఇరవై ఏళ్ళ కిందటే ఈ పని చేసింది, ఈ చుట్టుపక్కల మనవాళ్ళలో విల్లు పట్టి జింకను కొట్టిన మొదటి ఆడమనిషి ఆవిడే, నేనే దగ్గరుండి ప్రోత్సహించాను అని చెప్పుకున్నారు.

“వావ్, అంకుల్! ఆ రోజుల్లోనే ఆంటీని అంత సపోర్ట్ చేశారా? సో కూల్!” అన్నాడు ఆ పిల్లవాడు. ఆయన వినయంగా నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నలుగురిలో మొగుడి మాట తీసెయ్యకూడదని పెంచిన పెంపకం కాబట్టి పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చాకా చల్లారలేదు, ఇవాళ ఇది రాస్తుంటే కూడా చల్లారలేదు.

ఆ రోజులు ఎలాంటివో నా ఈడు ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, పెళ్ళయ్యాక ఆయన వెంట విమానం ఎక్కి ఇక్కడికొస్తే, నా వీసా మీద ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదన్నారు. పొద్దున ఆయన కారు తీసుకుని ఆఫీసుకు వెళ్తే మళ్ళీ సాయంత్రం దాకా నేను, ఆ అద్దె ఇల్లు. బస్సు లేదు, నడిచి వెళ్ళే దూరంలో కొట్టు లేదు. తోచక తుడిచిందే తుడిచి, కడిగిందే కడిగి, చివరికి పెరటి తలుపు దగ్గర నిలబడి పక్కింటి వైపు చూస్తూ ఉండేదాన్ని. పక్కింటావిడ నాకంటే పాతికేళ్ళు పెద్దది, స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి. భర్త పోయాక ఒక్కతే ఉంటూ, సాయంత్రాలు గడ్డి మోపుకు కాగితం పళ్ళెం గుచ్చి బాణాలు వేసుకునేది. రోజూ గుడ్లప్పగించి చూస్తున్న నన్ను ఒకనాడు చెయ్యి ఊపి పిలిచింది. నేను మొహమాటపడేలోపే విల్లు నా చేతిలో పెట్టింది.

మన బొమ్మల్లో చూసే విల్లు కాదది. రెండు కొసలా చక్రాలుంటాయి, తాడు వాటిమీదుగా అటూ ఇటూ తిరుగుతుంది, బాణం వదలడానికి మణికట్టుకు మీట లాంటిది ఒకటి కట్టుకుంటారు. లాగుతుంటే సగం దాకా ప్రాణం తీస్తుంది, ఆ సగం దాటించగలిగితే చక్రాలు తిరిగిపోయి బరువంతా ఒక్కసారిగా దిగిపోతుంది, అప్పుడు నింపాదిగా గురి చూసుకోవచ్చు. ఆ మొదటి రోజు నేను సగం దాటించలేకపోయాను. జబ్బలు వణికి, మొహం ఎర్రబడి, సిగ్గేసి తిరిగి ఇచ్చేశాను. ఆవిడ నవ్వలేదు. రేపు రమ్మంది, అంతే.

మర్నాడు వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను. ఇంట్లో పాల డబ్బాల్లో నీళ్ళు నింపి ఎత్తిదించుతూ భుజాలకు బలం తెచ్చుకున్నాను. జింకను కొట్టాలంటే ఈ రాష్ట్రంలో విల్లు కనీసం ఇంత బిగువుండాలని చట్టముంది, మెత్తటి విల్లుతో కొడితే జంతువు చావక గాయంతో తిరుగుతుంది కాబట్టి. ఆ బిగువుకు నేను చేరేసరికి వేసవి సగం గడిచిపోయింది. లైసెన్సు కోసం వేటగాళ్ళ క్లాసుకు వెళ్తే, గది నిండా మగపిల్లలూ వాళ్ళ తండ్రులూ, పంజాబీ డ్రెస్సులో నేనొక్కదాన్నీ. ఆ క్లాసు కన్నా పక్కింటావిడ పెట్టిన షరతు కష్టం. వరసగా నెల రోజులపాటు, ఏ రోజు వేసిన బాణమైనా ఆ కాగితం పళ్ళెం దాటి బయట పడకూడదు. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటినుంచి. సీజన్ సెప్టెంబరులోనే మొదలైనా ఆవిడ నన్ను కదలనివ్వలేదు. నేను ఆ నెల పూర్తి చేసేసరికి దసరా వచ్చేసింది.

ఇక మా వారి ప్రోత్సాహం. ఈ సంగతి మొదట చెప్పినప్పుడు ఆయన ల్యాప్‌టాప్ లోంచి తలెత్తకుండా, నీ ఇష్టం అన్నారు. వద్దంటే పోట్లాడవచ్చు, సరేనంటే సంతోషించవచ్చు, నీ ఇష్టం అన్న మాటను ఏం చేసుకోవాలో ఇన్నేళ్ళొచ్చినా నాకు తెలియదు. పెదవులతో నీ ఇష్టమంటూనే వారం రోజులు ముఖం ముడుచుకుని తిరిగేవారు, ఆఫీసులో తెలిస్తే ఏమనుకుంటారో అని అన్నం దగ్గర గొణిగేవారు, గ్రీన్‌కార్డు కాగితాలు నడుస్తున్నాయి, ఏదైనా అయితే ఇద్దర్నీ సామాన్లతో సహా ఊరికి పంపేస్తారని భయపెట్టేవారు. విల్లుకూ గ్రీన్‌కార్డుకూ ఏమిటి సంబంధమో ఆయనకే తెలియాలి.

మనవాళ్ళ సంగతి చెప్పుకుంటే ఇంకా సిగ్గుచేటు. ప్రతి పండక్కీ మగవాళ్ళంతా నాలుగు కార్లలో ఊరి బయట ఫార్మ్‌కి వెళ్ళి, దొడ్లో మేకల్ని చూసి ఒకదాన్ని వేలుపెట్టి చూపించి, కోయించి, కాల్పించి తెచ్చుకునేవారు. తలకాయ ఎవరికి, బోటీ ఎవరికి అని ఫోన్లలో వాదులాడుకునేవారు. అది మర్యాద. నేనింకా ఈగనైనా చంపకుండానే కిరాతకురాలినయ్యాను. ఆ సెప్టెంబరులో వినాయక చవితికి అందరూ తలా ఒకటి వండి తెచ్చినప్పుడు, నేను తీసుకెళ్ళిన పులిహోర మూత తీయకుండానే నా చేతికి తిరిగొచ్చింది. పక్కనే మా వారు ఇంకొకరింటి పులిహోర రెండోసారి వడ్డించుకుంటున్నారు.

వేటకు తయారవడమంటే బాణాలు వెయ్యడమే అనుకున్నాను నేను. అది అందులో సగమే. జింకకు కన్ను కన్నా, చెవి కన్నా ముక్కు గొప్పది, గాలి అటు తిరిగితే చాలు, మనిషి వాసన పసిగట్టి మాయమైపోతుంది. మరి మన ఇళ్ళ వాసన సామాన్యమైనదా? ఇంగువ, కరివేపాకు, ఎండుమిరపకాయల ఘాటు, అగరొత్తులు, తలకు కొబ్బరినూనె. అందుకని నేను కొబ్బరినూనె మానేశాను, వాసన లేని సబ్బు వాడాను. వేట బట్టలు వంటసోడాతో ఉతికి బయట తీగ మీద ఆరేసి, ఓక్ ఆకులు వేసిన ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి బిగించి, విల్లుతోపాటు గరాజ్‌లో ఉంచాను. ఆ పెట్టె ఇంట్లోకి తేకూడదని, మూత తీయకూడదని మా వారికి ఒకటికి పదిసార్లు చెప్పాను. ఎందుకో కూడా విడమరిచి చెప్పాను, కెమిస్ట్రీ పాఠం చెప్పినట్టు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆ వేసవిలోనే మా అత్తగారు ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. ఆవిడ వస్తున్నారంటే గుండె గుభేలుమంది, కొడుకు ముఖం ముడిచినదానికి తల్లి ఇంకేం ముడుస్తుందోనని. ఆవిడ మొదటి రోజు పెరట్లో కుర్చీ వేసుకుని నేను బాణాలు వెయ్యడం చాలాసేపు చూసి, ఎక్కడ కూర్చుని కొడతావు అని మాత్రం అడిగారు. చెట్టుకు కట్టిన ఇనుప పీట మీద, నడుముకు తాడు కట్టుకుని అని చెప్పాను. మంచె అన్నమాట, అన్నారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న జొన్నచేలో మంచెక్కి వడిసెలతో పిట్టల్ని తోలింది తనేనట, తన రాయికి గురి తప్పేది కాదట. అంతకుమించి ఏమీ అనలేదు. ఆవిడ అక్కడ కూర్చున్న రోజుల్లో నా బాణాలు బాగా పడేవి, ఎందుకో మరి.

దసరా శుక్రవారం పడింది. మర్నాడు, శనివారం తెల్లవారుజామున, నా మొదటి వేట. పక్కింటావిడ తమ్ముడికి గంట ప్రయాణం దూరంలో సోయా పొలమూ, దాని వెనక ఓక్ చెట్ల అడవీ ఉన్నాయి, అక్కడ నాకొక చెట్టు ఇచ్చారు. విల్లు వేటకని విడిగా ఇచ్చే రోజులు ఇంకో రెండు వారాలే, ఆ తరవాత తుపాకులవాళ్ళు వస్తారు, ఆ తమ్ముడి స్నేహితులు అడవంతా పంచుకుంటారు, నాకు చోటుండదు. వచ్చే ఏడు చూసుకుందామంటే, మా వారి ప్రాజెక్టు అప్పటికి ఏ రాష్ట్రానికి మారుతుందో దేవుడికే తెలియాలి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ఆ శుక్రవారం సాయంత్రం నేను ఒక స్నేహితురాలింట్లో బొమ్మల కొలువు పేరంటానికి వెళ్ళి వచ్చేసరికి ఇల్లంతా సాంబ్రాణి పొగ. ముందు గదిలో ఆయుధపూజ జరుగుతోంది. కారు తాళాలు, ల్యాప్‌టాప్, మిక్సీ, కత్తిపీట, వాటి నడుమ నా విల్లు. చక్రాలకు గంధం, కుంకుమ, నారికి బంతిపూల దండ, బాణాల మొనలకు పసుపు. అత్తయ్య కళ్ళు మూసుకుని ఏదో చదువుకుంటున్నారు. అదొక్కటే అయితే నేను ఆవిడ భక్తి అనుకుని, నా ఖర్మ అనుకుని, రాత్రంతా కూర్చుని తుడుచుకునేదాన్ని. కానీ విల్లు పక్కన నా బట్టలున్నాయి. పెట్టె మూత తీసి, చొక్కా ఒక కుర్చీ మీద, ప్యాంటు ఒక కుర్చీ మీద, టోపీ, మేజోళ్ళతో సహా విప్పి పరిచి, ఎదురుగా సాంబ్రాణి ధూపం పెట్టి ఉంది.

చెప్పండి, బట్టలకు ఆయుధపూజ ఏ ఊళ్ళో చేస్తారు? అత్తయ్యకు ఆ పెట్టె సంగతే తెలియదు, గరాజ్‌లోకి ఆవిడ అడుగు పెట్టి ఎరగరు. బట్టలెందుకు పరిచారని ఆయన్ను అడిగాను. అన్నింటికీ మంచిదని అన్నారు. అని టీవీ పెట్టుకున్నారు.

వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఉతికినవి మళ్ళీ ఉతికి, తుడిచినవి మళ్ళీ తుడిచి, తడి ఆరని బట్టలతోనే చీకటి ఉండగానే పక్కింటావిడ ట్రక్కు ఎక్కాను. ఎక్కగానే ఆవిడ ముక్కు ఎగబీల్చి, చర్చి వాసన వస్తోందేమిటని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. చెట్టెక్కి కూర్చున్నాక తెల్లవారింది, సోయా పొలం అంచునుంచి ఒక ఆడజింక మేస్తూ మేస్తూ నా వైపే వచ్చింది. ఇంకొంచెం ముందుకొస్తే చాలు. నేను లేచి నిలబడ్డాను, విల్లు ఎత్తుతున్నాను. అంతలో అది ఆగింది. తల పైకెత్తి ముక్కుపుటాలు విప్పి, ముందు కాలు నేలకేసి కొట్టి, గట్టిగా చీది, తెల్ల తోక ఎత్తుకుని ఒక్క దూకు దూకింది. దాంతోపాటు నేను చూడని ఇంకో నాలుగు కూడా పొదల్లోంచి లేచి పారిపోయాయి. ఆ పొద్దు ఇంకేమీ రాలేదు.

ఇంటికొచ్చి వంటింట్లో నేల మీద చతికిలబడి అత్తయ్యకు జరిగింది చెప్పాను. ఆవిడ మీద కోపం లేదు, ఆ కోపం ఎవరి మీదో నోటితో అనడానికి ధైర్యమూ లేదు, అందుకని వాసన సంగతి, జింక ముక్కు సంగతి మాత్రం చెప్పాను. ఆవిడ అంతా విన్నారు.

“అమ్మాయ్, ఈ వాసన సంగతి వాడికి తెలుసా?”

“తెలుసు, అత్తయ్యా.”

ఆవిడకు అంతా అర్థమైంది. బట్టలు కూడా పెట్టమ్మా, పుణ్యముంటుంది అని ముందురోజు తనతో అన్నది కొడుకే కదా. లేచి వెళ్ళి పొయ్యి మీద తాలింపు మూకుడు దించి, చల్లారబెట్టి, కడిగి బోర్లించారు. దేవుడి దగ్గర అగరొత్తుల కట్ట తీసి అటకెక్కించారు. ఆ రాత్రి మా ఇంట్లో పప్పుకు తాలింపు లేదు. మర్నాడూ లేదు. ఉడకబెట్టిన పప్పు, ఉప్పు, ఆవిరి మీద ఉడికించిన కూర, పెరుగు. రెండో రోజుకే మా వారు కంచం నెట్టేసి, ఏమిటమ్మా ఈ ఆస్పత్రి తిండి అన్నారు.

“మీ నాన్న మాల వేసుకున్నన్నాళ్ళూ ఇల్లంతా పథ్యం చేసింది గుర్తులేదట్రా? నువ్వు కిక్కురుమనలేదు. ఇప్పుడు నీ పెళ్ళాం దీక్షలో ఉంది. నోరు మూసుకు తిను.”

ఆయన తిన్నారు. నా పెళ్ళయ్యాక ఆయన తలొంచుకుని అన్నం తినడం అప్పుడే చూశాను. అబద్ధమెందుకు, కడుపు చల్లబడింది. జీడిపప్పు వేపుకుందామన్నా ఆవిడ మూకుడు ముట్టుకోనివ్వలేదు, అగరొత్తి లేకుండా దీపం మాత్రం పెట్టి దణ్ణం పెట్టుకునేవారు, ఆవిడ జీవితంలో అలాంటి పూజ ఎన్నడూ చేసి ఉండరు. పక్కింటావిడ విల్లును కొట్టుకు తీసుకెళ్ళి, గంధమూ సాంబ్రాణి పొగా పీల్చుకున్న నారి తీయించి కొత్తది వేయించింది. దానికి మళ్ళీ గురి సరిచూసుకోవాలి, రోజూ రెండు పూటలా పెరట్లోనే ఉన్నాను. ఆయన ఒక్కసారి కూడా అటు తొంగిచూడలేదు.

ఆఖరి శనివారం మళ్ళీ అదే చెట్టు. ఈసారి జింక వచ్చింది, ఆగింది, తల వంచి మేసింది. విల్లు లాగాను. సగం దాటింది, బరువు దిగింది, భుజం వెనక నేను చూడాల్సిన చోటు చూశాను, వదిలాను. అది నలభై, యాభై గజాలు పరిగెత్తి పొలం గట్టు మీద పడిపోయింది. వెంటనే దిగకూడదని పక్కింటావిడ చెప్పింది కాబట్టి చెట్టు పట్టుకుని కూర్చున్నాను. జాలి వేసింది, గర్వంగానూ ఉంది, ఏది ముందో చెప్పలేను. ఈ దేశంలో అడుగు పెట్టాక నేను మొదలుపెట్టి నేనే పూర్తి చేసిన మొదటి పని అది. మర్నాడు ఆదివారం అత్తయ్య బోర్లించిన మూకుడు తీసి జింక మాంసానికి వేసిన తాలింపు ఘాటుకు వీధి చివరిదాకా తుమ్ములే. మా వారు మూడుసార్లు వడ్డించుకున్నారు. సోమవారం ఆఫీసులో అందరికీ చెప్పుకున్నారట.

అలా మొదలైందన్నమాట ఆయన ప్రోత్సాహం. మొదట మా ఆవిడ కొట్టింది అన్నారు, కొన్నేళ్ళకు మేం వేటకు వెళ్ళేవాళ్ళం అన్నారు, ఇప్పుడు నేనే ప్రోత్సహించాను అంటున్నారు. నేను ఆ తరవాత కొన్ని శరత్తులు వెళ్ళాను. ఆ సోయా పొలం అమ్ముడైపోయింది, ఇప్పుడక్కడ వరసగా టౌన్‌హౌసులు, సగం మనవాళ్ళవే. పక్కింటావిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయి అక్కడే కన్ను మూసింది. అత్తయ్యా పోయారు. రెండేళ్ళ కిందట నా కుడి భుజానికి ఆపరేషనయింది.

మొన్నటి విందులో దొరికిన పొగడ్తల వేడి ఇంకా తగ్గలేదేమో, ఈ శనివారం ఆయన నన్ను కారెక్కించుకుని విల్లుల కొట్టుకు తీసుకెళ్ళారు. నా పుట్టినరోజుకు కొత్త విల్లు కొనిస్తారట. అక్కడ పనిచేసే అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, తను కూడా వేటకు వెళ్తానని చెప్పి, ఒక అందమైన విల్లు తీసి, బిగువు ఎంత తగ్గించవచ్చో అంత తగ్గించి నా చేతికిచ్చింది. ఆ పిల్లను చూస్తే నిజంగా ముచ్చటేసింది. వాళ్ళింట్లో ఆ పిల్ల బట్టలకు ఎవరూ పొగ పెట్టరు, పెట్టినా ఊరుకునేలా లేదు. ఆ మాత్రం రోజులు మారాయి, సంతోషమే. విల్లు ఎత్తి లాగాను. భుజం కలుక్కుమంది. జానెడు కూడా రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాను, అంతే.

“పర్లేదులే, లాగక్కర్లేదు. ఫోటోకి పట్టుకుంటే చాలు,” అన్నారు ఆయన, ఫోను పైకెత్తి.

విల్లు బల్ల మీద పెట్టి వచ్చి కార్లో కూర్చున్నాను. ఆయనకు నేనెందుకు వచ్చేశానో అర్థం కాలేదు, దారి పొడుగునా ఏమైంది, ఏమైంది అని అడుగుతూనే ఉన్నారు. ఆయన అబద్ధమాడుతున్నారని అనుకోగలిగితే నా కోపం ఎప్పుడో చల్లారేది. కానీ ఆయన నిజంగానే మరిచిపోయారు. ఆ శుక్రవారం ఆ గదిలో ముగ్గురం ఉన్నాం. ఒకరు పోయారు, ఒకరు మరిచిపోయారు, మిగిలినదాన్ని నేను. ఇప్పుడు ఇంట్లోనూ బయటా నన్ను వెళ్ళమననివాళ్ళు లేరు. లాగలేనని తెలిశాక అందరికీ మనసు పెద్దదైంది.